నిలువులోతు

జాంజిబార్ తూర్పు ఒడ్డున
మా అత్త మ్వానాఖేరి సముద్రాన్ని ఒంటితోనే కొలుస్తుంది.
మడమలోతులో ఎండ్రకాయలు,
మోకాటిలోతులో పిల్లల కేకలు,
మొలలోతులో ఆడవాళ్ళ నాచుతోటలు.
ఆ పైన మగవాళ్ళ నీళ్ళు.
గుండెలోతు దాటిన ఆడది మా ఊళ్ళో
శవమై తేలిన కథల్లోనే ఉంది.

నేను మీటర్లలో కొలుస్తాను.
యూనివర్సిటీ వాళ్ళు నెలకింతని ఇచ్చి
ఒక ప్లాస్టిక్ గొట్టం, ఒక నోటుపుస్తకం అప్పగించారు.
గుంజకు కట్టిన ఆ గొట్టంలో
బొటనవేలంత యంత్రం
పది నిమిషాలకోసారి నీటి నుదుటి మీద చెయ్యేసి
జ్వరం చూస్తుంది.
అమావాస్యకీ పున్నమికీ పాటు బాగా తీసినప్పుడు
వెళ్ళి అంకెలు దించుకొస్తాను.

ఫిబ్రవరి, మిట్టమధ్యాహ్నం, ముప్పై ఆరు.
రాసుకున్నాను.
అత్త ఏమీ రాసుకోలేదు, తాడు పైకెత్తి చూపించింది.
నిన్నటిదాకా పాతబెల్లం రంగులో ఉన్న కొమ్మ
నడిమధ్యన సున్నం కొట్టినట్టు తెల్లబడి
వేలు తగలగానే పుటుక్కుమంది.
మూడు వారాల పని, అలలో కలిసి
ఎటు పోయిందో కూడా చూడలేదామె.
పక్క తాడు విప్పుతోంది.

సర్వేలో అత్త పదిహేడో నంబరు.
పేరుండకూడదు, అది పద్ధతి.
కిందటేడు ఎన్ని కిలోలు?
ఆమె గోనెలు చెప్పింది, నేను కిలోలు చేశాను.
ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది?
నవ్వి, నడుం దగ్గర కాంగా ముడి తడుముకుంది.
ఆ ముడిలోంచే నా బడి ఫీజు,
ఇంటి మీద రేకులు,
మామయ్య వద్దంటున్నా వచ్చిన కుట్టుమిషను.
ఈత వచ్చా?
"అంత లోతులో నాకేం పని?"
రాదు, అని టిక్కు పెట్టాను.
తొంభై నాలుగు ఇళ్ళు, తొంభై ఒక్క టిక్కులు.

మా నాచు ఎండి, ఓడెక్కి, పొడై,
ఎక్కడో ఎవరి టూత్‌పేస్టులోనో చిక్కదనం అవుతుందట.
కిలోకి మాకొచ్చేదానితో
ఆ ట్యూబు మూత కూడా రాదు.
ఇది వ్యాసంలో లేదు. నేనే అంటున్నాను.

వ్యాసం అచ్చయి వచ్చింది.
ఆఖరి పేజీలో చీమలంత అక్షరాల్లో నాకు కృతజ్ఞతలు,
నా పేరులో ఒక అక్షరం తప్పు.
అరుగు మీద కూర్చోబెట్టి అందరికీ మా మాటలో చదివాను.
చల్లటి నీరు లోపల ఉంది,
తోటల్ని అక్కడికి మార్చాలి.
"ఎంత లోపల?"
మూడు మీటర్లు, ఇంకా ఎక్కువైనా మంచిదే.
బీ హిదాయా లేచి నిలబడి చేతులు రెండూ పైకెత్తింది.
వేళ్ళ కొసలు మునిగాక ఇంకెంత అన్నట్టు
నావైపు చూసింది.
"అంటే మన నిలువు మీద ఇంకో నిలువు," అంది అత్త.
"రాసినవాళ్ళకి మేం ఆడవాళ్ళమని తెలుసా?"
తెలుసు, నాలుగో పట్టికలో ఉంది.
నవ్వారు.
కళ్ళు తుడుచుకుంటూ, ఒకరి భుజం ఒకరు చరుచుకుంటూ.
ఆ నవ్వు నింపడానికి నా పుస్తకంలో గడి లేదు.

పున్నమి మర్నాడు,
తెల్లారగట్ల పోటు నిండిన వేళ
పడవలవాళ్ళింకా లేవకముందు
అత్త నన్ను లేపింది.
చంకలో పసుప్పచ్చ నూనె డబ్బా, ఖాళీది.
యాభై రెండేళ్ళ మనిషి, బట్టలన్నీ ఒంటిమీదే.
మొలలోతు. గుండెలోతు.
గొంతులోతులో ఆగి ఏదో దువా చదువుకుంది.
డబ్బా వదిలేసింది.
ఏడు లెక్కపెట్టేసరికి మునిగి, తేలి,
ఉప్పునీళ్ళు కక్కుతూ
నన్నూ, యూనివర్సిటీనీ, మామయ్యనీ
వరసపెట్టి తిట్టింది.

గుంజ దగ్గర యంత్రం
ఇరవై తొమ్మిది పాయింట్ నాలుగు అని రాసుకుంది.
ఆమె కాళ్ళ కింద ఏడంకెలసేపు నేల లేదని
దానికి తెలీదు.

అక్కడ నాచు పెరుగుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు.
మూడు తాళ్ళు కట్టి చూశారు, ఒకటి కొట్టుకుపోయింది.
అత్త కాంగా పిండుకుంటూ
అమావాస్యకి మళ్ళీ రమ్మంది.
ఈసారి డబ్బా వద్దులే,
తాడు తెమ్మంది.